సీసాలో ఈదిన చేప

మీనమేషాలు లెక్కపెట్టడం అని మనవాళ్లు తిట్టే పని ఒకటుంది. మేషాల సంగతి నాకు తెలియదు. మీనాలు లెక్కపెట్టడం మాత్రం కాకినాడలో చాలా ఏళ్లుగా నా జీతం. డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతాను. నా దగ్గర చదువుకున్న శ్రావణి ఇప్పుడు గుంటూరులో ఒక ప్రయోగశాల నడుపుతోంది. మార్చి చివర్లో ఫోన్ చేసి, "కొన్నాళ్లు సెలవు పెట్టి రండి మాస్టారూ, మాకు ఒక మనిషి తక్కువయ్యారు" అంది. నా విద్వత్తు మీద గౌరవమనుకుని పొంగిపోయాను. తక్కువైంది శాస్త్రవేత్త కాదనీ, ఐసు పెట్టె మోసే మనిషనీ అక్కడికి వెళ్లాక గాని తెలియలేదు.

గుంటూరు

రైలు దిగి ప్లాట్‌ఫారం దాటకముందే తుమ్ములు మొదలయ్యాయి. మిర్చి కోతల కాలం. ఊళ్లోకి వచ్చే లారీలన్నీ ఎర్ర బస్తాలే. ఊళ్లోవాళ్లెవరూ తుమ్మడం లేదు. ముక్కులు కూడా స్థానికమేమో. టిఫినుకు ఇడ్లీ చెప్పాను. ధర మా కాకినాడ ధరే, కారప్పొడి మాత్రం ఉచితం. నెయ్యి వెయ్యమంటారా అని అడిగిన కుర్రాడికి వద్దని చెప్పి, మొదటి ముద్ద మింగాక మళ్లీ వాణ్ణి కేకేసి పిలవాల్సి వచ్చింది. ఉచితంగా ఇచ్చేదేదైనా జాగ్రత్తగా పుచ్చుకోవాలన్న సంగతి ఈ వయసులో మరోసారి నేర్చుకున్నాను.

ప్రయోగశాలలో శ్రావణి నాకే పాఠం చెప్పింది. చేప నీళ్లలో తిరిగినంతసేపూ ఏదో ఒకటి వదులుతూనే ఉంటుంది: జిగురు, చర్మపు పొట్టు, పెంట. ఆ నీళ్లను సన్నటి వడపోత కాగితం గుండా పోస్తే అదంతా కాగితానికి అంటుకుంటుంది. అందులోని డీఎన్‌ఏని తీసి, ఇది ఫలానా చేపదా కాదా అని యంత్రాన్ని అడగవచ్చు. వల వెయ్యక్కర్లేదు, గాలం వెయ్యక్కర్లేదు. చేపను పట్టకుండా చేపను పట్టే విద్య.

మేం వెతకాల్సింది ఆఫ్రికా నుంచి దిగిన క్యాట్‌ఫిష్‌ని. దాన్ని పెంచకూడదని నిషేధం ఉంది. నిషేధించినవి మన దగ్గర ఏపుగా ఎదుగుతాయి. కోళ్ల వ్యర్థాలు మేపి చాటుమాటు గుంటల్లో పెంచుతారు. వరదొస్తే అది గట్టు దాటి కాలవలోకి, కాలవలోంచి చెరువులోకి వెళ్తుంది. వెళ్లిన చోట మిగతా చేపల పిల్లల్ని బతకనివ్వదు.

దారిలో ఎన్ని కాలవలు చూసినా, అసలు తొందర ఒక చెరువు గురించి. పర్చూరు అవతల ఒక ఊరు. పేరు రాయను, నేను మళ్లీ ఆ దారినే వెళ్లాలి. ఆ ఊరి మంచినీళ్ల చెరువులో చేపలు పెంచుకునే హక్కు సుబ్బాయమ్మ అనే ఆవిడ పంచాయతీ వేలంలో పాడుకుంది. ఆ పాటలో ఓడిపోయిన ఆంజనేయులు, చెరువులో క్యాట్‌ఫిష్ చూశానని ఫిర్యాదు చేశాడు. అదే నిజమైతే చెరువు ఖాళీ చేసి చేపలన్నిటినీ పూడ్చెయ్యాలి. నిజం తేలేదాకా వల వెయ్యొద్దని పంచాయతీ కట్టడి చేసింది. చేపలేమో అమ్మకానికి ఎదిగి ఉన్నాయి. కాలవ కట్టేశారు. చెరువులో నీళ్లు దిగిపోతున్నాయి. ఎండ ఇంకాస్త ముదిరితే గాలాడక చేపలు వాటంతటవే తేలిపోతాయి. కొడుకూ కోడలితో కలిసి ఆవిడ పడిన కష్టమంతా ఆ నీళ్లలో ఉంది. అది నీళ్లపాలు కావడమా కాకపోవడమా అన్నది మా వడపోత కాగితం మీద ఉంది.

బయల్దేరే ముందు శ్రావణి ఒక సీసా నా చేతిలో పెట్టింది. ప్రయోగశాలలో శుద్ధి చేసిన నీళ్లు. దీన్ని బ్లాంకు అంటారు. చెరువు దాకా తీసుకెళ్లి, చెరువు నీళ్లు వడగట్టిన పద్ధతిలోనే దీన్నీ వడగట్టాలి. ఇందులో ఏ చేపా కనిపించకూడదు. కనిపిస్తే మన చేతులో సామానో మురికి అయినట్టు. ఊరూరికీ ఇలాంటి సీసా ఒకటి ఉంది. వాటికి బాధ్యత నాది. చూడ్డానికి నిండుగా ఉండి లోపల ఏమీ లేని వస్తువును నాకే అప్పగించడంలో శ్రావణి ఉద్దేశం ఏమిటో నేనడగలేదు.

ప్రత్తిపాడు

పత్తి చేలు ఎండిపోయి కట్టె మిగిలింది. కాలవలో మోకాలి లోతు నీళ్లు, నడుం లోతు బురద. ఒక సీసాడు నీళ్లు వడగట్టేసరికి కాగితం మూసుకుపోయింది. కాగితం మార్చి పంపు కొట్టాను. మళ్లీ మూసుకుపోయింది. మంచినీళ్ల ప్రాయం అనుకున్న పని మధ్యాహ్నం దాకా తెమల్లేదు. నెత్తిన ఎండ, చేతులకు రబ్బరు తొడుగులు, తొడుగుల్లో చెమట, ముక్కు మీద దురద. గోక్కోకూడదు.

కట్టె పీకిస్తున్న ఒక పెద్దాయన వచ్చి గట్టు మీద నిలబడ్డాడు.

"ఏం పడతన్నారండీ?"

"చేపలండీ."

"గాలమేది?"

"లేదండీ."

"వల?"

"అదీ లేదు."

ఆయన నా చేతిలో సీసా వంక చూశాడు. "మరి చేపలకి కబురు పెట్టారా, వస్తామన్నాయా?"

మా గోదావరి జిల్లాల్లో అయితే ఇదే మాట మర్యాద పూసి అంటారు. అన్నారని మనకు తెలిసేసరికి ఇంటికొచ్చేస్తాం. ఇక్కడ ముఖం మీదే అనేసి, వెంటనే మజ్జిగ తెప్పిస్తారు. ఆ మజ్జిగలోనూ పచ్చిమిరపకాయ. తాగుతుండగా ఆయనే చెప్పాడు, పోయిన వరదల్లో ఒక నల్ల చేప రోడ్డు మీద పాకుతూ కనిపించిందట. పాముననుకుని కర్ర తెచ్చేలోపు అవతలి కాలవలోకి దిగిపోయిందట. ఈ జిల్లాలో రోడ్డు దాటి ప్రాణంతో బయటపడినందుకు ఆ చేప మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది. తర్వాత ఆయన మమ్మల్ని నీళ్ల శాఖ వాళ్లమనుకుని కుళాయి రాకపోవడం గురించి చాలాసేపు నిలదీశాడు. కాదని చెప్పిన కొద్దీ ఆయన అనుమానం ముదిరింది.

వడపోత కాగితాలు చల్లగా ఉండాలి. ఐసు కొట్టు అతను మా పెట్టె మూత తీసి, చేపలేవని అడిగాడు. తడి కాగితాలు చూపించాను. "ఇయ్యి ఎండకి పాడైపోతయ్యా?" అన్నాడు. పోతాయన్నాను. నా వంక జాలిగా చూసి ఇంకో దోసెడు ఐసు ఊరికే వేశాడు.

పర్చూరు అవతల

మర్నాడు ఆ ఊరు చేరాం. ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కంటికి పండుగే గాని ముక్కుకు కాదు. చెరువు గట్టెక్కబోతుంటే నాలుగు వైపుల నుంచీ "చెప్పులు, చెప్పులు" అన్నారు. ఈ పక్క బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయి. తాగడానికి ఆ చెరువొక్కటే దిక్కు. అందుకని గట్టు మీద చెప్పులు వెయ్యరు, చెరువులో కాలు పెట్టరు, చెయ్యి కడగరు. కడవ ముంచుకుని వెళ్లి ఇంటి దగ్గరే అన్నీ చేసుకుంటారు. ఇంటి ముందు గోదావరి కాలవ పారుతుంటే అందులోనే పళ్లు తోముకుంటూ పెరిగినవాణ్ణి. సిగ్గేసింది. సిగ్గుతో పాటు అరికాళ్లు కాలాయి.

సుబ్బాయమ్మ మాకు ఎదురొచ్చింది. అరవైకి దగ్గర్లో ఉంటుంది. గట్టి మనిషి. "మీరేనా, నీళ్లు చూసి చేపల జాతకం చెప్పేవోళ్లు?" అంది. మేమేనన్నాం. "చెప్పండి మరి. నా జాతకం కూడా దాంట్లోనే ఉంది" అని గట్టు మీద కూచుంది.

ఆంజనేయులు కూడా వచ్చాడు. సుబ్బాయమ్మకు మరిది వరస. మేం ఎక్కడ సీసా ముంచితే అక్కడికల్లా వెంట తిరిగి, లేబుళ్లు దగ్గరుండి రాయించాడు. నా దస్తూరీ అర్థం కావడం లేదన్నాడు. అది నా విద్యార్థులు కూడా అంటారు. నాలుగు వైపులా నీళ్లు తీసి, సుబ్బాయమ్మ ఇంటి వసారాలో వడగట్టడం మొదలుపెట్టాం. చెరువు నీళ్లు అద్దంలా ఉన్నాయి, కాగితం ఒక్కసారి కూడా మూసుకుపోలేదు. బ్లాంకు ఒక్కటే మిగిలింది. అప్పుడు సుబ్బాయమ్మ వచ్చి, అన్నం వడ్డించాను లేవమంది. పని కాగానే వస్తామన్నాం. పులుసు చల్లారిపోద్దంది. శ్రావణి నా వైపు చూసింది. నేను అప్పటికే లేచి ఉన్నాను. పెట్టె మూత సరిగ్గా వేశానా లేదా అన్నది అప్పుడు నాకు తట్టలేదు.

కొర్రమీను పులుసు. చింతపండు, మిరపకాయ ఒకదాన్నొకటి సవాలు చేసుకుంటున్నాయి. ముక్క మెత్తగా, ముల్లు లేకుండా ఉంది. వల వెయ్యొద్దన్నారు కాబట్టి సొంత చెరువు పక్కనుండి కూడా చేపలు కొని తేవాల్సి వచ్చిందని ఆవిడ ఎత్తిపొడుస్తూనే వడ్డించింది. ఎత్తిపొడిచిన కొద్దీ ఎక్కువ వడ్డించింది. నేను రెండోసారి పెట్టించుకున్నాను. చేతులు కడుక్కుని, కొత్త తొడుగులు వేసుకుని, బ్లాంకు సీసాలో నీళ్లు వడగట్టి, మూటాముల్లె సర్దుకున్నాం. సాగనంపుతూ ఆవిడ దారిలో దాహమేస్తే తాగమంది. ఏం తాగాలో నాకర్థం కాలేదు. మర్యాదకేదో అందనుకున్నాను.

ఒంగోలు

ఈ ఊరి పేరు చెబితే అందరికీ గిత్త గుర్తొస్తుంది. నాకు మాత్రం దోమ గుర్తొస్తుంది. బలం రెండింటిదీ ఒక్కటే. లాడ్జి గదిలో ఏసీ ఉందని చెప్పి తీసుకున్నారు. ఉన్న మాట నిజమే. రాత్రంతా ఏసీ చప్పుడుకీ దోమల పాటకీ మధ్య నలిగి, పొద్దున్నే ఊరి బయట ఒక మురుగు కాలవకి బయల్దేరాం. అక్కడ క్యాట్‌ఫిష్ ఉందని అందరికీ తెలుసు. ఉన్నచోట కూడా యంత్రం ఉందని చెబుతుందో లేదో చూడాలిగా.

ఆటో అతను కాలవ దగ్గర మమ్మల్ని దింపి, మేం తొడుగులు వేసుకుని మురుగు సీసాలకి పట్టడం కాసేపు చూశాడు. ఏమీ అడగలేదు. తిరుగు ప్రయాణంలో మాత్రం పెట్టెను ఒళ్లో పెట్టుకోమని, సీటుకు తగలనివ్వొద్దని చెప్పాడు. ఒంగోలు నుంచి గుంటూరు దాకా బస్సులోనూ అది నా ఒళ్లోనే ఉంది.

మళ్లీ గుంటూరు

ఫలితం శ్రావణి ముఖంలోనే కనిపించింది. ఒంగోలు మురుగులో క్యాట్‌ఫిష్ ఉంది, సరే. ప్రత్తిపాడు కాలవలో కొద్దిగా ఉంది, అనుకున్నదే. సుబ్బాయమ్మ చెరువు నీళ్లలో, నాలుగు వైపుల్లో ఎక్కడా లేదు. అక్కడితో ఆగి ఉంటే నేను కాకినాడ రైలెక్కేవాణ్ణి. ఆ ఊరి బ్లాంకులో మాత్రం క్యాట్‌ఫిష్ ఉంది.

అంతేకాదు. సుబ్బాయమ్మ పెంచే బొచ్చె చేప ఆనవాలు కూడా అందులో ఉంది. ప్రయోగశాల నీళ్లలో బొచ్చె ఎలా వస్తుంది? అంటే ఆ సీసాలో ఉన్నది చెరువు నీళ్లే. ఆ లెక్కన చెరువు నీళ్లలోనే క్యాట్‌ఫిష్ ఉన్నట్టు.

"లేబుళ్లు తారుమారయ్యాయా మాస్టారూ?" అని శ్రావణి మెల్లగా అడిగింది. నేను నీళ్లు నమిలాను. అవి మాత్రం శుద్ధమైన నీళ్లే. కాలేదని ప్రమాణం చెయ్యగలను. కానీ నా ప్రమాణాన్ని పంచాయతీలో ఎవరు వింటారు? ఆంజనేయులు మా దగ్గరుండి మరీ లేబుళ్లు రాయించాడు. ఈ ఒక్క ఫలితం బయటికొస్తే చాలు, సుబ్బాయమ్మ చేపలు గోతిలోకి వెళ్తాయి. దాచడానికీ లేదు. శ్రావణి దాచే మనిషి కాదు. ఒక వారం గడిస్తే దాచాల్సిన అవసరమే ఉండదు, ఎండే తీర్పు చెప్పేస్తుంది.

"పదండి" అంది. ఐసు పెట్టె ఎత్తుకున్నాను.

మళ్లీ పర్చూరు అవతల

వసారాలో కూచోబెట్టి సుబ్బాయమ్మను అడిగాం. మేం భోంచేస్తున్నప్పుడు ఈ పెట్టె దగ్గరికి ఎవరైనా వచ్చారా? ఆంజనేయులు గుమ్మంలోనే నిలబడి వింటున్నాడు.

"ఎవరొస్తారు? నేనే వచ్చా" అందావిడ. "మూత తీసుంది. చూస్తే లోపల నీళ్ల సీసా. మా ఊరొచ్చి మీ నీళ్లు మీరు తెచ్చుకుంటారా? మా చెరువు నీళ్లు గొంతు దిగవా మీకు? చుట్టుపక్కల ఇట్టాంటి తియ్యటి నీళ్లున్నయ్యా? ఆ బజారు నీళ్లు బంతిమొక్కకి పారబోసి, కడవలో నీళ్లు కొంగుతో వడగట్టి నింపా. దారిలో తాగుతారని."

శ్రావణి కళ్లు మూసుకుంది. తన శుద్ధజలం తాగిన బంతిమొక్క గుమ్మం పక్కన దర్జాగా పూసి ఉంది.

చెరువు నీళ్లు సీసాలోకి ఎలా వచ్చాయో తెలిసింది. క్యాట్‌ఫిష్ ఎలా వచ్చింది? ఆ కొంగుతో ఇంకేం చేశారని శ్రావణి అడిగింది. ఏం చేస్తుంది, వంట చేసింది. చేప ముక్కలు కడిగి చెయ్యి తుడుచుకుంది. ఏ చేప? కొర్రమీను. ఎవరిచ్చారు? బండి మీద తెచ్చి అమ్మేవాడు, తోలు ఒలిచి ముక్కలు కోసి ఇచ్చాడు. తల అడిగితే అమ్ముడుపోయిందన్నాడు.

తలా తోలూ లేకపోతే కొర్రమీనేదో క్యాట్‌ఫిష్ ఏదో ఎవరికి తెలుస్తుంది? రెండోసారి పెట్టించుకున్న సంగతి గుర్తొచ్చింది.

చేపల పులుసు నిల్వ ఉంటే రుచి పెరుగుతుందని ఫ్రిజ్‌లో ఒక గిన్నె మిగిల్చి ఉంచారు. ఆ పద్ధతి మా కాకినాడలోనూ ఉంది. దాన్ని కనిపెట్టిన మహానుభావులకు నమస్కారం. శ్రావణి ఒక ముక్క గొట్టంలో వేసుకుంది. జంతుశాస్త్ర చరిత్రలో చింతపండుతో సహా సేకరించిన నమూనా ఇదొక్కటేనేమో.

క్యాట్‌ఫిష్ అంటి ఉంటే అది కొంగుకే గాని చెరువుకి కాదు. చెరువులో ఎవరూ చెయ్యి కడగరు. అయినా మొత్తం పని మళ్లీ మొదటి నుంచి చెయ్యాలని శ్రావణి తేల్చింది. సుబ్బాయమ్మ ఊరందరికీ గట్టిగా చెప్పేసింది, వీళ్ల దగ్గరికి ఎవరూ రావొద్దు, ఏమీ ఇవ్వొద్దు అని. ఎవరూ రాలేదు. ఊరంతా దూరంగా నిలబడి, చేతులు కట్టుకుని, మా వంక చూసింది. ఒక ముసలావిడ మజ్జిగ చెంబుతో సగం దూరం వచ్చి, కేకలు విని వెనక్కి తిరిగింది. ఆ చెంబు వెనక్కి వెళ్తుంటే నేను చూసిన చూపు బహుశా కుక్కలు చూస్తాయి. అంత మంచినీళ్ల చెరువు ఒడ్డున అంత దాహం నేనెన్నడూ ఎరగను. ఆంజనేయుల్ని మాత్రం సాక్షిగా దగ్గర కూచోబెట్టుకున్నాం. బ్లాంకు సీసా అతని కళ్ల ముందే మూత తీశాం, అతని కళ్ల ముందే వడగట్టాం. లేబుళ్ల మీద అతని చేతే రాయించాను. అతని దస్తూరీ నాకంటే దారుణం.

శ్రావణి గుంటూరు వెళ్లి యంత్రం ముందు కూచుంది. నేను పర్చూరులో ఒక లాడ్జిలో ఉండిపోయాను. రెండో రోజు సాయంత్రం ఫోనొచ్చింది. చెరువులో క్యాట్‌ఫిష్ లేదు. బ్లాంకులో ఏ చేపా లేదు. పులుసులో ఉంది. మేం వెతుకుతూ వెళ్లిన దొంగను నేను మూడు ముక్కలు తిన్నాను.

వల

పంచాయతీ వాళ్లు ఒప్పుకున్న మర్నాడే, తెల్లవారగానే వల దించారు. శ్రావణి రాలేకపోయింది. ఫలితం నా ఫోన్‌లో ఉంది, ఊళ్లో అందరికీ రెండేసి సార్లు చూపించాను. అయినా మొదటి లాగుడుకి వల ఒడ్డుకు చేరుతుంటే, అందరికంటే ముందు వంగింది నేనే. యంత్రం మీద నమ్మకం లేక కాదు. సుబ్బాయమ్మ నా పక్కనే నిలబడి ఉంది. ఊపిరి తీస్తున్న చప్పుడు లేదు.

బొచ్చెలు, శీలావతులు. తట్టలు చాలవన్నంతగా. ఒక్కొక్కటీ ఎగిరి పడుతుంటే సూర్యుడు ముక్కలైనట్టుంది. ఆవిడ కొడుకు, కోడలు తట్టలు లారీ దగ్గరికి మోస్తున్నారు.

"ఆగండి" అన్నాడు ఆంజనేయులు. వలలో ఒక మూల చూపించాడు. "అదేంటి మరి? మీసాలున్నయ్యి."

నిజమే, ఉన్నాయి. జానెడు చేప, మూతికి రెండు వైపులా మీసాలు. తట్టలు ఆగిపోయాయి. అందరూ నా వైపు తిరిగారు. యంత్రం గుంటూరులో ఉంది. సుబ్బాయమ్మ నా ముఖమే చూస్తోంది. చెయ్యి పెట్టి పట్టుకున్నాను. ముల్లు బొటనవేల్లో దిగింది. అయినా వదలకుండా వెనక్కి తిప్పి చూశాను. వెండి రంగు పొట్ట. రెండుగా చీలిన తోక. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ తోక గుండ్రంగా ఉంటుంది, చీలదు.

"జెల్ల" అన్నాను. "మన జెల్లే." నా వేలి రక్తం దాని మీద పడుతోంది.

సుబ్బాయమ్మ అప్పుడు ఊపిరి వదిలింది. మెల్లగా ఆంజనేయులు వైపు తిరిగి, అతని గుబురు మీసాల వంక తీరిగ్గా చూసింది.

"మీసాలున్నయ్యన్నీ దొంగలైతే ముందు నిన్ను కదా మరిదీ వలలో వెయ్యాల్సింది" అంది.

గట్టు మీద నవ్వులు లేచాయి. ఆంజనేయులు పంచె ఎగగట్టి, గట్టు దిగి, రెండో లాగుడుకి తాడు చివర పట్టుకున్నాడు. చేపలు నిండుగా ఉన్నాయి. ఆవిడ కొడుకొక్కడి వల్ల అయ్యే పని కాదది.